అలర్జీ ఉన్నా పండుగ చేసుకుందాం

దసరాకు మన హాస్టలు ఖాళీ అవుతుంది. దీపావళికి సెలవు ఒక్కరోజే కాబట్టి దూరపు ఊళ్ల పిల్లలు ఇక్కడే ఉండిపోతారు. మెస్‌లో పులిహోర, ఒక స్వీటు, సాయంత్రం ఆవరణలో నాలుగు టపాకాయలు. అందరికీ ఇది సంబరమే. కానీ అందరిలో ఒకరిద్దరికి పల్లీలు పడవు, మరికొందరికి పొగ పడదు. ఇంట్లో అయితే ఆ సంగతి అమ్మకు తెలుసు. ఇక్కడ మనం చెబితే తప్ప వార్డెన్ సారుకు తెలియదు. అందుకే ఈ సంచికలో దీని గురించి రాస్తున్నాం.

అసలు అలర్జీ అంటే ఏమిటి? మన ఒంట్లో రోగక్రిములతో పోరాడే రక్షణ వ్యవస్థ ఉంటుంది. కొందరిలో అది పల్లీలోనో, గుడ్డులోనో, పుప్పొడిలోనో ఉండే మామూలు ప్రోటీనును శత్రువని పొరబడి, ఐజీఈ అనే యాంటీబాడీలను సిద్ధం చేసుకుంటుంది. ఆ పదార్థం మళ్లీ తగిలినప్పుడు హిస్టమిన్ వంటి రసాయనాలు విడుదలవుతాయి. దద్దుర్లు, తుమ్ములు, పెదవుల వాపు, ఆయాసం వీటి వల్లనే. 'అలర్జీ' అనే మాటను 1906లో వియన్నా వైద్యుడు క్లెమెన్స్ వాన్ పిర్కే ప్రవేశపెట్టాడు. మన ఊళ్లలో ముసలమ్మలు 'వాడికి అది పడదు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

మన హాస్టళ్లలో చిక్కు వైద్యానిది మాత్రమే కాదు. మేము చదువుకునే రోజుల్లో ఒక తమ్ముడు పులిహోరలో పల్లీలు ఏరి పక్కన పెట్టేవాడు. వాడికి పొగరని కొందరు పేరు పెట్టారు. తింటే గొంతు దురదపెడుతుందని వాడు చెప్పినా ఎవరూ నమ్మలేదు. ఆలోచిస్తే ఇందులో లోతైన కారణమే ఉంది. మన తాతలు వేరే గ్లాసులో టీ తాగినవాళ్లు. మన చేతి ముద్దను ఎవరైనా వద్దంటే మనసు చివుక్కుమంటుంది. ఒకే కంచంలో తినడం మన హాస్టళ్లలో స్నేహానికి గుర్తు. కాబట్టే 'నాకు వద్దన్నా' అనడానికి చిన్నపిల్లలు భయపడతారు, మొహమాటానికి తినేస్తారు. అంటరానితనంతో వద్దనడం వేరు, ఒంటికి పడక వద్దనడం వేరు. ఈ తేడా సీనియర్లు పిల్లలకు విడమరిచి చెప్పాలి. 'ఒక్కటి తింటే ఏం కాదులే' అని బలవంతం చేయడం ప్రమాదకరం. తీవ్రమైన అలర్జీ ఉన్నవారికి ఒక్క పలుకు చాలు.

పల్లీలు చిక్కిలోనే కాదు, చట్నీలో, కారప్పొడిలో, వంకాయ కూరలో కూడా ఉంటాయి. సంక్రాంతికి అరిసెల మీద అద్దే నువ్వులూ కొందరికి పడవు. పల్లీలు వేయించిన నూనెలోనే అప్పడాలు వేయించినా, చట్నీ గరిటెనే సాంబారులో పెట్టినా ఆ ప్రోటీను అంటుకుంటుంది. అందుచేత వంటవాళ్లకు ముందే చెప్పి, వేరే గరిటెతో మొదటి వడ్డనలోనే పెట్టించుకోవడం మంచిది. ప్యాకెట్ల మీద అలర్జీ కలిగించే పదార్థాలను ముద్రించాలని 2020 నాటి ఆహార భద్రతా సంస్థ నిబంధనలు చెబుతున్నాయి. పల్లీ, పాలు, గుడ్డు, చేప, సోయా ఆ జాబితాలో ఉన్నాయి. 'కంటైన్స్' అన్న మాట ఎక్కడుందో వెతకాలి. అది సాధారణంగా ఇంగ్లీషులోనే ఉంటుంది. ఇంట్లో మొదట చదువుకున్నది మనమే కాబట్టి ఆ పని మనదే. విడిగా అమ్మే మిఠాయికి చీటీయే ఉండదు. తెలియనిది తినకపోవడమే మేలు.

ఇక పొగ. టపాకాయల మందులో గంధకం, సురేకారం, బొగ్గు ఉంటాయి. గంధకం కాలి సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. ఆస్తమా ఉన్నవారి శ్వాసనాళాలు దానికి వెంటనే ముడుచుకుపోతాయి. శబ్దం లేదని చిన్నపిల్లలకు పాము బిళ్లలు ఇస్తుంటారు. పుణెలోని చెస్ట్ రీసెర్చ్ ఫౌండేషన్ వారు 2016లో పరీక్షిస్తే, సూక్ష్మధూళి అన్నిటికంటే ఎక్కువగా వచ్చింది వాటి నుంచే! చేతిరుమాలు కట్టుకుంటే ఆ ధూళి ఆగదు. గాలి వీచే వైపు చూసుకుని, పొగ రాని దిక్కున దూరంగా కూర్చోవాలి. డాక్టరు రాసిన ఇన్‌హేలరు ట్రంకు పెట్టెలో కాదు, జేబులో ఉండాలి. ఇన్‌హేలరు వాడితే అలవాటైపోతుందన్నది అపోహ. మృగశిర కార్తెకు హైదరాబాదులో చేప ప్రసాదం తీసుకునేవారు వేలల్లో ఉన్నారు. ఎవరి నమ్మకం వారిది గానీ, దాన్ని నమ్మి ఇన్‌హేలరు మానేయడం మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది.

హాస్టలు ప్రహరీ పక్కన తెల్లపూలతో పెరిగే వయ్యారిభామను మరచిపోవద్దు. దాని పుప్పొడి తుమ్ములు తెప్పిస్తుంది, ఆకు తగిలితే చర్మం దద్దుర్లెక్కుతుంది. శ్రమదానంలో దాన్ని పూతకు ముందే, చేతులకు తొడుగులు వేసుకుని పీకాలి. అలర్జీ ఉన్నవారికి ఆ రోజు వేరే పని అప్పగించాలి.

తిన్న కొద్ది నిమిషాల్లో గాని, గంటా రెండు గంటల్లో గాని ఒళ్లంతా దద్దుర్లతోపాటు గొంతు బిగుసుకున్నా, గొంతు బొంగురుపోయినా, పిల్లికూతలు వచ్చినా, కళ్లు తిరిగినా అది అనాఫిలాక్సిస్ కావచ్చు. దీనికి సరైన మందు తొడ బయటివైపు కండకు ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షను. సెట్రిజిన్ బిళ్ల వేసి కూర్చోకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టాలి, ఆయాసం ఉంటే కూర్చోబెట్టాలి, నడిపించకూడదు. తగ్గినట్టు కనిపించి కొన్ని గంటల తర్వాత మళ్లీ రావచ్చు కనుక ఆసుపత్రిలో ఉంచాలి.

అమెరికాలో అక్టోబరు 31న హాలోవీన్ అనే పండుగ జరుగుతుంది. 2024లో మన దీపావళి కూడా అదే రోజు వచ్చింది. పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడుగుతారు. ఆ మిఠాయిల్లో చాలావాటిలో పల్లీలు, పాలు ఉంటాయి. అలర్జీ ఉన్న పిల్లలు చిన్నబుచ్చుకోకూడదని 2012లో టెన్నెసీ రాష్ట్రంలో కొందరు ఒక ఉపాయం చేశారు. నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు పూసిన గుమ్మడికాయను గుమ్మం ముందు పెడితే, ఆ ఇంట్లో తినుబండారాలతోపాటు బొమ్మలు, పెన్సిళ్లు కూడా ఇస్తారని అర్థం. 2014 నుంచి అది దేశమంతా పాకింది. మనకు గుమ్మడికాయతో పని లేదు. వార్షికోత్సవం నాడు లడ్డూల పళ్లెం పక్కనే పెన్నుల పళ్లెం ఒకటి పెట్టి, ఎందుకని అడగకుండా కావలసింది తీసుకోనిస్తే చాలు. ఆ పెన్నుల ఖర్చు పూర్వ విద్యార్థులమైన మేము పెట్టుకుంటాం.