రౌతు కొద్దీ గుర్రం

అమెరికాలో ట్రాక్ డే అంటే పొద్దున్నే ఏడింటికల్లా కార్ల తనిఖీ మొదలవుతుంది. పైకప్పు తెరుచుకునే కారు వరసలోకి వచ్చిందంటే తనిఖీ చేసే మనిషి పొడవాటి చీపురుకర్ర ఒకటి తీస్తాడు. డ్రైవరు హెల్మెట్ పెట్టుకుని, బెల్టు బిగించుకుని, మామూలుగా ఎలా కూర్చుంటాడో అలాగే కూర్చోవాలి. కర్ర ఒక కొసను సీటు వెనకున్న రోల్‌బార్ మీద, రెండో కొసను ముందు అద్దం చట్రం మీద ఆనిస్తారు. హెల్మెట్ కర్రకు తగిలిందా, ఆ రోజుకు ఆ డ్రైవరు ట్రాకెక్కడు. కారు తిరగబడితే తలకూ నేలకూ మధ్య మిగిలేది ఆ కర్ర కింది జాగాయే మరి.

ఆ వరసలో తరచుగా కనబడే కారు మాజ్దా ఎంఎక్స్-5. అమెరికావాళ్లు మియాటా అంటారు. ముందు 1990 నాటిది, దాని వెనకే 2019 నాటిది నిలబడి ఉండటం అక్కడ వింతేమీ కాదు. రెండింటికీ రెండే సీట్లు, ఇంజను ముందు, తోపు వెనక చక్రాలకు. మధ్యలో దాదాపు 30 ఏళ్లు. ట్రాక్ మీద తిప్పడానికి కారు కొనుక్కోవాలనుకునే వాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు ఈ రెండింటి మధ్య ఆగిపోతారు: పాతదా, కొత్తదా?

ముందు ట్రాక్ డే అంటే ఏమిటో చెప్పుకోవాలి. అది రేసు కాదు. బహుమతులుండవు. అనుభవాన్ని బట్టి డ్రైవర్లను జట్లుగా విడగొట్టి, ఒక్కో జట్టును 20 నిమిషాల చొప్పున వదులుతారు. కొత్తవాళ్ల పక్క సీట్లో శిక్షకుడు కూర్చుంటాడు. ముందున్న డ్రైవరు చెయ్యి బయటికి చాపి ‘వెళ్లు’ అని చూపిస్తే తప్ప దాటకూడదు, అదీ నిర్వాహకులు చెప్పిన చోటే. ఎవరి కారు వాళ్లది, ఎవరి టైర్లు వాళ్లవి. విరిగినా, కాలినా ఎవరి జేబు వాళ్లది. చివరి సంగతి గుర్తుపెట్టుకోండి, పాత కొత్తల లెక్కంతా అక్కడే తేలుతుంది.

ఎంఎక్స్-5 కథ 1979లో మొదలైంది. తక్కువ బరువుతో, వెనక చక్రాల తోపుతో, పైకప్పు లేని చిన్న కారు చెయ్యండని బాబ్ హాల్ అనే అమెరికన్ మోటారు విలేకరి మాజ్దా పెద్దల్లో ఒకరైన కెనిచి యమమోటోకు చెప్పాడు. పదేళ్ల తర్వాత, 1989 ఫిబ్రవరిలో, షికాగో మోటార్ షోలో ఆ కారు బయటికొచ్చింది. 1.6 లీటర్ల ఇంజను, 116 గుర్రాల శక్తి, బరువు వెయ్యి కిలోల లోపే. దాన్ని తయారు చేసిన ఇంజనీర్లు పట్టుకున్న జపనీస్ మాట ‘జింబా ఇత్తాయ్’. గుర్రమూ రౌతూ ఒకే ఒళ్లుగా కలిసిపోవడమని అర్థం. మనవాళ్ల ‘రౌతు కొద్దీ గుర్రం’ సామెతకు అర్థం వేరే అయినా ఈ కారు దగ్గర రెండూ నిజమే.

మొదటి తరాన్ని ఎన్‌ఏ అంటారు. పైకి లేచి మూతపడే దీపాలు దాని గుర్తు. 1998లో వచ్చిన ఎన్‌బీ దీపాలు మామూలువి. 2005లో వచ్చిన ఎన్‌సీ కాస్త ఒళ్లు చేసింది. 2015లో వచ్చిన ఎన్‌డీ మళ్లీ చిక్కింది. పొడవులో ఎన్‌ఏ కన్నా కూడా కొంచెం పొట్టిది. 2016 ఏప్రిల్ నాటికి అన్ని తరాలూ కలిపి పది లక్షల కార్లు తయారయ్యాయి.

గడియారాన్ని అడిగితే తీర్పు చిటికెలో వస్తుంది. కొత్తదే గెలుస్తుంది. 2019 మోడల్ ఎన్‌డీలో రెండు లీటర్ల ఇంజను 181 గుర్రాల శక్తి ఇస్తుంది. దాని బ్రేకులూ మేలే, ఒంటి గట్టితనమూ మేలే. ఏ కంపెనీని చూసినా ఇదే వరస. పోర్షె 911 జీటీ3 మొదటి తరం 1999లో 360 గుర్రాల శక్తితో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌ను దాదాపు 7 నిమిషాల 56 సెకన్లలో చుట్టివచ్చింది. 2021 నాటి 510 గుర్రాల జీటీ3, 20.8 కిలోమీటర్ల పూర్తి చుట్టును 7 నిమిషాల లోపే ముగించింది. ఇంజను ఒక్కటే కాదు, టైర్లు మారాయి, గాలితో కారును నేలకు అదిమే రెక్కలు మారాయి, గేర్లు కంటి రెప్పపాటులో మారుతున్నాయి.

అయితే ట్రాక్ డేలో గడియారానికి జీతం ఇచ్చేవాళ్లెవరూ లేరు. అక్కడికి వచ్చేది నేర్చుకోవడానికీ సరదాకూ. ఆ రెంటికీ నెమ్మది కారే మంచిదన్న మాట వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, అందులో లెక్క ఉంది.

కాలిఫోర్నియాలోని లగూనా సెకా ట్రాక్‌నే తీసుకోండి. చుట్టు 3.6 కిలోమీటర్లు, మలుపులు 11. ఎనిమిదో మలుపు పేరు కార్క్‌స్క్రూ. ఎక్కు ఎక్కి శిఖరం చేరేదాకా అవతల ఏముందో కనబడదు. కనబడ్డాక కారు ఎడమకు, వెంటనే కుడికి తిరుగుతూ ఐదారంతస్తుల మేడ ఎత్తున, అంటే 18 మీటర్లు, కిందికి జారిపోతుంది. 116 గుర్రాల కారులో ఇక్కడ గంటకు ఐదు కిలోమీటర్ల వేగం పోగొట్టుకుంటే దాన్ని తిరిగి సంపాదించుకోవడానికి చాలా దూరం పడుతుంది. తప్పు ఎక్కడ చేశామో కారు అక్కడికక్కడే చెబుతుంది. అదే 500 గుర్రాల కారులో అయితే మలుపులో చేసిన తప్పును తర్వాతి తిన్నని దారి మింగేస్తుంది. డ్రైవరుకు తాను బాగానే నడిపానన్న భ్రమ మిగులుతుంది.

కొత్త కార్ల ఎలక్ట్రానిక్స్ సంగతీ అంతే. అమెరికాలో 2012 మోడళ్ల నుంచి ప్రతి కొత్త కారుకూ జారుడును అదుపు చేసే వ్యవస్థ తప్పనిసరి. మలుపు మధ్యలో భయపడి కాలు తీసేస్తే ఎన్‌ఏ వెనక భాగం పక్కకు జారుతుంది, చేతులతో సర్దుకోవాలి. సర్దుకోలేకపోతే బొంగరమే. ఎన్‌డీలో ఆ వ్యవస్థ ఒక చక్రానికి తనంతట తానే బ్రేకు వేసి కారును దారిలో పెడుతుంది. కాపాడింది నిజమే, కానీ పాఠం చెప్పలేదు. స్టీరింగు కూడా అలాగే. మొదటి తరంలో చౌక రకాలకు పవర్ స్టీరింగే లేదు. టైరు పట్టు సడలుతుంటే ఆ సడలింపు నేరుగా అరచేతుల్లోకి వస్తుంది. ఎన్‌డీలో మధ్యన ఎలక్ట్రిక్ మోటారు ఉంది. మంచి మోటారే, అయినా కబురు కాస్త వడకట్టి చేరవేస్తుంది.

ఇంతవరకు పాతదాని పక్షం. ఇప్పుడు బానెట్ ఎత్తుదాం.

ట్రాక్ మీద కార్లను చంపేది వేగం కన్నా వేడి. వెయ్యి కిలోల కారును 160 కిలోమీటర్ల వేగం నుంచి 80కి తగ్గించే ఒక్క గట్టి బ్రేకులో పుట్టే వేడి, కుళాయి నీళ్లు రెండు లీటర్లకు పైగా తీసుకుని మరిగే దాకా కాచడానికి సరిపోతుంది. 1,600 కిలోల కారయితే మూడున్నర లీటర్లు దాటుతుంది. ఇది ఒక్క మలుపుకే. చుట్టుకు అలాంటివి మూడో నాలుగో, 20 నిమిషాల్లో పది చుట్లు. బ్రేకు ఫ్లూయిడ్‌కు గాలిలోని తడిని పీల్చుకునే గుణం ఉంది. కొత్త డాట్ 4 రకం ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదని ప్రమాణం. తడి పట్టాక ఆ హద్దు 155కు దిగిపోతుంది. మరిగితే పైపుల్లో బుడగలు పుడతాయి, పెడల్ దూదిలా మెత్తబడుతుంది, తొక్కినా కారు ఆగదు. ఈ లెక్కలో బరువు తక్కువున్న కారుదే పైచెయ్యి, అది ఏ తరానిదైనా. బీఎండబ్ల్యూ ఎం3ని చూడండి. 1986లో సుమారు 1,200 కిలోలు, 2000 సంవత్సరంలో వచ్చిన ఈ46 తరంలో సుమారు 1,500, ఇప్పటిది 1,700 పైనే. కొత్త ఎం3 ఎంత వేగమైనా, ఆ బరువును ఆపే ఖర్చు టైర్ల దుకాణంలో, బ్రేకు ప్యాడ్ల బిల్లులో కనబడుతుంది. 30 ఏళ్లలో పెద్దగా బరువెక్కని ఎంఎక్స్-5 లాంటివి అరుదు.

పాత మియాటా ఇంజనుకు ఇంకో చిక్కు ఉంది. ఆ ఇంజను మొదట మాజ్దా 323 లాంటి కార్ల కోసం అడ్డంగా అమర్చడానికి గీసినది. మియాటా కోసం దాన్ని నిలువుగా తిప్పి పెట్టినప్పుడు నీళ్లు లోపలికి వెళ్లే దారి, బయటికొచ్చే దారి రెండూ ముందు వైపే పడ్డాయి. దాంతో వెనకున్న నాలుగో సిలిండర్ చుట్టూ చల్లని నీళ్ల రాకపోకలు తక్కువ. వీధుల్లో తిరిగితే తెలియదు. ఎండాకాలం ట్రాక్ మీద తెలుస్తుంది. అందుకే గట్టిగా తిప్పేవాళ్లు బయటికొచ్చే నీటి దారిని వెనక్కి మళ్లించుకుంటారు. రేడియేటర్ పై తొట్టె ప్లాస్టిక్‌ది. నల్లగా ఉండాల్సింది గోధుమరంగుకు తిరిగితే పగలబోతోందని గుర్తు. పాత మియాటా కొనడానికి వెళ్లిన తెలిసినవాళ్ల చూపు ముందు అక్కడికే పోతుంది. 1991 దాకా వచ్చిన తొలి 1.6 ఇంజన్లలో క్రాంక్‌షాఫ్ట్ ముందు కొస పొట్టిదై, అక్కడి తాళపుగాడి అరిగిపోయే జబ్బు ఉంది. 1994లో 1.8 ఇంజనుతో పాటు, వెనక చక్రాలకు తోపును పంచే డిఫరెన్షియల్ పెద్దది వచ్చింది. అది మొదటిదాని కన్నా గట్టిది. ఇవికాక తుప్పు, ఎండిన రబ్బరు బుష్‌లు. 30 ఏళ్ల కారు అంటే సగం కారు, సగం సంసారం.

కొత్తదానికీ జబ్బులున్నాయి, పేర్లు వేరు. తొలినాళ్ల ఎన్‌డీని ట్రాక్ మీద గట్టిగా వాడినవాళ్లలో కొందరు గేర్‌బాక్సులు విరగ్గొట్టుకున్నారు. మాజ్దా ఆ పెట్టెను తర్వాత పలుమార్లు సవరించింది. ఇదే కారుతో నడిచే ఎంఎక్స్-5 కప్ రేసుల్లో 2020 నుంచి వేరే కంపెనీ సీక్వెన్షియల్ గేర్‌బాక్సే పెడుతున్నారు. పోర్షె కథ ఇంకా ఘాటైనది. 2013లో వచ్చిన తరం జీటీ3 ఇంజన్లలో లోపం వల్ల కార్లు తగలబడటంతో 2014లో 785 కార్లనూ వెనక్కి పిలిచి అన్నిటికీ కొత్త ఇంజన్లు వేశారు. కొత్త మోడల్ మొదటి ఏడాది కారును మాత్రం తొందరపడి ట్రాక్‌కు కొనకూడదు. ఒకటి రెండేళ్లు ఆగితే ఇతరులు కట్టిన ఫీజుతో మన పాఠం అయిపోతుంది.

భద్రత దగ్గర పాతదానికి వాదన లేదు. ఎయిర్‌బ్యాగులు, నలుగుతూ దెబ్బ మింగే ముందుభాగం, ఏబీఎస్ అన్నిట్లో ఎన్‌డీ ఎన్నో మెట్లు పైన. ఎన్‌ఏలో చాలావాటికి ఏబీఎస్సే లేదు. మంచి రోల్‌బార్, మంచి సీటు, బెల్టులు వేయించకుండా ఎన్‌ఏను ట్రాకెక్కించడం తెలివి కాదు. ఆ ఖర్చు కలుపుకున్నాకే పాతది చౌకో కాదో లెక్క తేలుతుంది. పైగా పాతవన్నీ ఇప్పుడు చౌకగా దొరకడం లేదు. మొదటి తరం ఎం3, గాలితో చల్లబడే పాత 911లు సేకరించేవాళ్ల చేతుల్లో పడి వాటి ధరలు కొండెక్కాయి. గోడకు తగిలితే గుండె ఆగేంత ధర ఉన్న కారుతో మలుపులు నేర్చుకోవడం ఎవరివల్లా కాదు.

మన దగ్గర ఈ ప్రశ్న రూపం మారుతుంది. మాజ్దా భారత్‌లో కార్లు అమ్మడం లేదు. మూడేళ్లు దాటిన వాడిన కారును తెచ్చుకోవడానికి మామూలుగా దిగుమతి నిబంధనలు ఒప్పుకోవు. అందుకని ఇక్కడి ఎంపిక పాత హోండా సిటీ వీటెక్, పోలో, స్విఫ్ట్‌ల మధ్యే. సుమారు 20 ఏళ్ల కిందటి సిటీ వీటెక్‌ను మన రేసు మెకానిక్కులు ఇప్పటికీ ఇష్టంగా తలుచుకుంటారు. తేలిక ఒళ్లు, 106 గుర్రాలు, చెప్పిన మాట వినే ఇంజను. హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ రేసు జరిగిన హుస్సేన్‌సాగర్ ఒడ్డు మళ్లీ మామూలు రోడ్డయిపోయింది. తెలుగువాళ్లు ట్రాక్ కోసం చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టైకో, కోయంబత్తూరుకో, గ్రేటర్ నోయిడాకో వెళ్లాల్సిందే. అంత దూరం కారు నడుపుకుంటూ వెళ్లి, ట్రాక్ మీద తిప్పి, అదే కారులో ఇంటికి రావాలంటే నమ్మకమైన కొత్త కారుకే మొగ్గు. ట్రక్కు మీద ఎక్కించుకుపోయే స్తోమతుంటే పాతదైనా ఫరవాలేదు.

బే ఏరియాలోనో డాలస్‌లోనో ఉండి మొదటిసారి ట్రాక్ గురించి ఆలోచిస్తున్న తెలుగు కుర్రాళ్లకు, అమ్మాయిలకు ఒక మాట. రెండో కారుగా, ఆటకే కొంటున్నట్టయితే 1.8 ఇంజనున్న ఎన్‌బీ సరైన మధ్యదారి. పాతదాని పాఠం ఉంది, తొలి ఇంజన్ల జబ్బులు లేవు, మియాటాల కోసమే నడిచే స్పెక్ మియాటా రేసుల పుణ్యమా అని విడిభాగాలకు, సలహాలకు కొదవ లేదు. ఉన్నది ఒక్క కారే, సోమవారం దాంట్లోనే ఆఫీసుకు వెళ్లాలంటే 2019 తర్వాతి ఎన్‌డీ తీసుకోండి. ఏది కొన్నా బ్రేకు ఫ్లూయిడ్ మార్చండి, మీ మామూలు బీమా ట్రాక్‌ మీద వర్తిస్తుందో లేదో అడగండి. చాలావాటికి వర్తించదు. కారు చూడటానికి వెళ్లేటప్పుడు హెల్మెట్, ఒక పొడవాటి కర్ర వెంట తీసుకెళ్లండి. ఆరడుగులు దాటినవాళ్లకు ఈ కారులో ఆ కర్ర తరచూ తగులుతుంది.