చిన్నదైన పొట్టకు తోటివారి మాట

బరువు తగ్గించే స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయాన్ని దాదాపు 80 శాతం తొలగిస్తారు. నాలుగు ఇడ్లీలు తినే మనిషికి ఆ తర్వాత ఒక్క ఇడ్లీతోనే కడుపు నిండుతుంది. భోజనం చేశాక అరగంట ఆగి నీళ్లు తాగాలని డాక్టర్ చెబుతారు. పెళ్లి విందులో బలవంతంగా వడ్డిస్తుంటే నొప్పించకుండా ఎలా వద్దనాలో మాత్రం ఆపరేషన్ చేయించుకున్నవారే చెప్పగలరు. మూడో నెలలో దువ్వెన నిండా జుట్టు ఊడి వస్తుంటే, 'నాకూ ఇలాగే ఊడింది, మళ్లీ వచ్చింది' అన్న మాట కొండంత ధైర్యం. రోజుకు 60 గ్రాముల ప్రొటీన్ అందేలా గుడ్డు, పెరుగు, పెసరట్టు సర్దుకునే తీరూ వారికే బాగా తెలుసు. అయితే ఒకరి మందులు మరొకరికి పనికిరావు. ఆగని వాంతులు, జ్వరం, గుండెదడ, తీవ్రమైన కడుపునొప్పి ఉంటే ఎవరినీ అడుగుతూ కూర్చోకుండా వెంటనే సర్జన్ దగ్గరికి వెళ్లాలి.