డేటా చేరింది... డబ్బే అందలేదు!

ఫోనులో ఖాతా తెరుచుకోదు. బ్యాంకుకెళ్తే అక్కడా అదే తంతు. 2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు ఖాతాదారులు చాలామందికి ఎదురైన అనుభవమిది. 52 లక్షల మంది ఖాతాలను కొత్త కంప్యూటర్ వ్యవస్థలోకి మార్చిందా బ్యాంకు. విచిత్రమేంటంటే... వివరాలన్నీ భద్రంగానే చేరాయి. సేవలే మొరాయించాయి! అంతా గాడిన పడేసరికి డిసెంబరు వచ్చింది. ఖాతాదారులకు 3.27 కోట్ల పౌండ్ల పరిహారం చెల్లించాల్సి వచ్చింది. మార్పిడి పనిని సరిగా అదుపు చేయలేదంటూ 2022లో నియంత్రణ సంస్థలు వేసిన జరిమానా 4.86 కోట్ల పౌండ్ల పైమాటే.

ఐటీ విభాగాన్ని నడిపే పద్ధతులు అక్కడివారికి తెలియక కాదు. మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులెందరో సర్టిఫికెట్ కోసం చదివే 'ఐటిల్' 1980ల్లో పుట్టింది బ్రిటన్ ప్రభుత్వంలోనే! 'కోబిట్' అనే మరో విధానమైతే, ముందు వ్యాపార లక్ష్యం రాసుకుని, దాన్నుంచే ఐటీ లక్ష్యాలు రాబట్టుకోమంటుంది.

సర్వరు ఎన్ని గంటలు నడిచిందన్నది ఐటీ లెక్క. ఇంటద్దె కట్టాల్సిన మనిషి ఆరోజు కట్టగలిగాడా అన్నది బ్యాంకు లెక్క. ఆ రెండో లెక్కే ముందు రాసుకుంటే, చేయాల్సిన పరీక్షలు మారతాయి. 'అంతా సిద్ధం' అనే మాటకు అర్థమూ మారుతుంది.