మంచు ఆటకు ఏ కొండ?

ఎల్లారెడ్డి కుర్రవాడొకడు మొన్న నన్నిలా అడిగాడు: "సార్! మా బాపు దుబాయిలో పని చేస్తున్నడు. అక్కడ ఎడారి నడుమ మంచుకొండ ఉన్నదట, నిజమేనా? సంక్రాంతి సెలవులకు మమ్మల్ని రమ్మంటున్నడు. మా మామ మాత్రం, పోతే స్విట్జర్లాండే పోవాలె అంటున్నడు. ఏది మంచిది?"

పిల్లలూ! కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల నుంచి ఎందరో గల్ఫ్ దేశాలకు పోయి పని చేస్తున్నారు. కనుక ఈ ప్రశ్న మీలో మరికొందరిది కూడా కావచ్చు. అందరం కలిసి ఆలోచిద్దాం.

కాళ్ళకు పొడవాటి సన్నని పలకలు బిగించుకొని, మంచువాలు మీద జారే ఆటను స్కీయింగ్ అంటారు. దానికి మొదట కావలసినది మంచు. అది ఎక్కడ పడుతుంది?

పైకి పోయినకొద్దీ గాలి చల్లబడుతుంది. ప్రతి 1,000 మీటర్లకు సుమారు 6.5 డిగ్రీల వేడి తగ్గుతుంది. మన ఊళ్ళో 26 డిగ్రీలున్న రోజున, నెత్తి మీద 4,000 మీటర్ల ఎత్తున ఎంత ఉంటుందో లెక్క కట్టండి. సున్న! అందుకే ఎత్తయిన కొండల మీద మంచు నిలుస్తుంది.

అయితే ఎత్తు ఒక్కటే చాలునా? చాలదు. కామారెడ్డి సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్నది. జపాను ఉత్తరాన నిసెకో అనే చోట కొండ అడుగు అంతకంటె పల్లం. అయినా అక్కడ చలికాలమంతా మంచు కుప్పలు కుప్పలుగా పడుతుంది! కారణమేమిటి? ఆ చోటు భూమధ్యరేఖకు మనకంటె చాలా దూరం. పైగా సైబీరియా నుంచి వచ్చే చలిగాలి సముద్రం మీదుగా వస్తూ తేమను పీల్చుకొని, కొండలకు తగలగానే మంచుగా కురుస్తుంది.

రెండవది కాలం. సంక్రాంతి నాటికి ఐరోపాలో, జపానులో చలి ముదిరి ఉంటుంది. కాని న్యూజిలాండులో అప్పుడు ఎండాకాలం! అక్కడ మంచు ఆట జూన్ తరువాతనే. ఈ సంగతి చూడకుండా టిక్కెట్లు కొన్నవారికి పచ్చిక తప్ప మంచు కనపడదు.

మూడవది ఊపిరి. స్విట్జర్లాండులోని జెర్మాట్ ఊరు సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి రోప్‌వే మనుషులను 3,800 మీటర్లు దాటించి పైకి తీసుకుపోతుంది. అంత ఎత్తున గాలి పలచన. మన ఊరి గాలిలో ఉండే ప్రాణవాయువులో సుమారు మూడింట రెండు వంతులే అక్కడ దొరుకుతుంది. తలనొప్పి, వాంతులు రావచ్చు. అలా అయితే మొండికి పోక వెంటనే కిందికి దిగాలి.

నాలుగవది వాలు. ఐరోపాలో వాలులకు రంగులు పెట్టారు. నీలం సులువు, ఎరుపు కష్టం, నలుపు మరీ కష్టం. కొత్తవారికి నీలమే. గుర్తులు పాతిన హద్దు దాటరాదు. దాటితే కొండమీది మంచు పెళ్ళలుగా విరిగి, మనిషిని నిలువునా పూడ్చివేయగలదు. తాజా మంచు ఎండను అద్దంలా తిప్పికొడుతుంది గనుక నల్లద్దాలు కూడా తప్పవు.

తల్లిదండ్రులకు ఒక మాట. విమానం ఖర్చొక్కటే లెక్క కాదు. పలకలు, బూట్లు, చలిబట్టలు, నేర్పేవాడి రుసుము, వైద్యబీమా అన్నీ కలపండి. జీతంలో మిగిలిన డబ్బు ఎంత చెమటోడ్చితే వచ్చిందో మీకు తెలియనిది కాదు.

ఇక ఆ కుర్రవాడికి నేనేం చెప్పానంటే: "దుబాయిలో ఉన్నది నిజంగా కొండ కాదు. 2005లో ఒక పెద్ద అంగళ్ళ భవనంలో కట్టిన వాలు. ఎత్తు 85 మీటర్లు. లోపల సున్నకు దిగువ చలి ఉంచి, మంచు తయారుచేస్తారు. అక్కడ ఊపిరి ఆడకపోవటమంటూ లేదు, కొండచరియ మంచు భయం లేదు. మీ బాపును కూడా కళ్ళారా చూస్తావు. మొదటి పాఠానికి అది చాలు. కాలు నిలిస్తే తరువాత మన ఔలీ, గుల్మార్గ్ ఉన్నాయి. స్విట్జర్లాండు ఎక్కడికీ పోదు!"

వాడి ముఖం కొంచెం చిన్నబోయింది. అప్పుడు మాలావత్ పూర్ణ సంగతి చెప్పాను. మన కామారెడ్డి జిల్లాలోని తాడ్వాయి గురుకులంలో చదివిన పిల్ల ఆమె. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ళ 11 నెలలు! కాని ఆమె మొట్టమొదట ఎక్కినది ఎవరెస్టు కాదు, భువనగిరి బండ. తరువాత డార్జిలింగు కొండలు, ఆ తరువాత లడఖ్ చలి. అటు తరువాతనే ఎవరెస్టు.

"అయితే దుబాయి నా భువనగిరి బండ, సార్!" అన్నాడు వాడు నవ్వుతూ.

మీరు కూడా కొండను ఎంచుకునే ముందు దాని పేరు కాదు, మీ కాలి బలం చూసుకోండి.