ఎరెష్కిగల్ ఏలుబడి

మృతులకు ధూళియే అన్నమనియు, మన్నే రొట్టెయనియు, వారు పక్షులవలె ఈకలు ధరించి వెలుగెరుగని ఇంటిలో కాలము గడపుదురనియు బాబిలోనియా కవులు వర్ణించిరి. యూఫ్రటీసు, టైగ్రిసు నదుల దిగువ మైదానమున నివసించిన సుమేరులు ‘కుర్’ అని పిలిచిన ఆ లోకమునకు రాణి ఎరెష్కిగల్. యమధర్మరాజును, చిత్రగుప్తుని చిట్టాను ఎరిగిన మనకు ఇచ్చట ఒక వింత తోచును: ఈ కొలువునందును మృతుల పద్దు చదువు లేఖకురాలు కలదు గాని, పుణ్యపాపములను తూచి స్వర్గనరకములుగా పంచి పెట్టు ఏర్పాటు మాత్రము లేదు.

ఈ రాణి స్వభావమును తెలుపు ఉత్తమమైన కథ, నిప్పూరు శిథిలములలో దొరకి ఇస్తాంబుల్, ఫిలడెల్ఫియా ప్రదర్శనశాలలకు చెదరిపోయిన మట్టిపలకల ముక్కలను సామ్యుయేల్ నోవా క్రేమర్ ఓపికతో జతపరచుటవలన మనకు దక్కినది. ప్రేమకును యుద్ధమునకును అధిదేవతయైన ఇనన్నా తన అక్కగారి రాజ్యమునకు బయలుదేరి, ఏడు ద్వారములయొద్దను ద్వారపాలకుడు కిరీటము మొదలు కట్టుబట్ట వరకు ఒక్కొక్కటే ఒలిచికొనగా, దిగంబరయై సింహాసనము ముందు నిలిచి, మృత్యుదృష్టి సోకి శవమై మేకునకు వ్రేలాడెను. ఆమెను విడిపించుటకు జ్ఞానదేవతయైన ఎంకి సేనలను పంపలేదు. గోటి సందున ఉన్న మట్టిని తీసి ఇద్దరు జీవులను చేసెను. ఈగలవలె వారు తలుపు సందులలో దూరి పోవునప్పటికి ఎరెష్కిగల్ పురిటినొప్పులు పడు స్త్రీవలె మూలుగుచుండెను; ఆమె మూలిగినప్పుడెల్ల వారును మూలిగిరి. అంతమాత్రమునకే ఆ మృత్యుదేవత కరగి, నిండు నదిని, పండిన పొలమును వరముగా ఇవ్వజూపగా, వారు ఆ మేకునకున్న శవమును మాత్రమే కోరిరి. నరకమును గెలిచిన వీరుల కథలు లోకమున అనేకములున్నవి. కూడ మూలిగి గెలిచినవారిని నేను వేరొక చోట చూడలేదు.

తరువాతి కాలమున ఆమెకు నెర్గల్ అను దేవుడు భర్త అయ్యెను. ఆ వివాహకథ ప్రతి ఒకటి ఈజిప్టులోని అమర్నాలో దొరకినది; పరదేశపు లిపిని నేర్చుకొను లేఖకుల సౌకర్యమునకై కాబోలు, దానిపై పదముల నడుమ ఎర్రసిరా చుక్కలున్నవి!

ఇక మృతుని స్థితిని నిర్ణయించునది అతని నడవడి కాదు, వెనుక మిగిలిన బిడ్డలు. మన తర్పణమును తలపించు ‘కిస్పు’ అను కర్మలో వారు అన్నము పెట్టి, గొట్టము గుండ నేలలోనికి నీరు పోయవలెను. గిల్గమేషు, ఎంకిడుల సుమేరు కావ్యము ప్రకారము ఏడుగురు కొడుకులు కలవాడు చిన్న దేవతల సరసన కూర్చుండును. ఇద్దరు కలవాడు రెండు ఇటుకలపై కూర్చుండి రొట్టె తినును. వారసుడు లేనివాడు తిను రొట్టె కాల్చిన ఇటుకవలె నుండును.