స్ట్రోయెట్

స్ట్రోయెట్ డెన్మార్క్ దేశ రాజధాని కోపెన్‌హాగన్ నగర మధ్యభాగంలో ఉన్న పాదచారుల వీధి. దీని పొడవు సుమారు 1.1 కిలోమీటర్లు. కార్లతో కిక్కిరిసి ఉండే ఈ వీధిని 1962 నవంబరు 17న మోటారు వాహనాలకు మూసివేసి నడిచేవారికి కేటాయించారు. నగర కేంద్రాలలో జనసందడిని ఎలా పెంచవచ్చు అన్న విషయంపై జరిగిన అధ్యయనాలలో ఈ వీధికి ప్రముఖ స్థానం ఉన్నది.

ఉనికి

స్ట్రోయెట్ నిజానికి ఒకే వీధి కాదు. పడమట పురపాలక భవనం ఎదుట ఉన్న కూడలి నుండి తూర్పున కొంగెన్స్ న్యూటోర్వ్ అనే కూడలి వరకు వరుసగా కలిసి ఉన్న అనేక వీధుల ఉమ్మడి పేరు ఇది. ఫ్రెడెరిక్స్‌బెర్గ్‌గేడ్, విమ్మెల్‌స్కాఫ్టెట్, ఊస్టర్‌గేడ్ వీటిలో కొన్ని. దారి మధ్యలో గామెల్‌టోర్వ్, అమాగర్‌టోర్వ్ అనే పాత సంత కూడళ్ళు కలవు. వీధి వెడల్పు చాలాచోట్ల 10 నుండి 12 మీటర్లు మాత్రమే.

నేపథ్యం

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఐరోపా నగరాలలో కార్ల సంఖ్య వేగంగా పెరిగినది. నడిచేవారు ఇరుకైన కాలిబాటలకు పరిమితమయ్యారు. కూడళ్ళు కార్లు నిలిపే స్థలాలుగా మారినవి. 1953లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లోనూ, జర్మనీలోని కాసెల్‌లోనూ పాదచారుల వీధులు ప్రారంభమయ్యాయి. అయితే అవి బాంబుదాడులలో ధ్వంసమైన చోట కొత్తగా కట్టినవి. స్ట్రోయెట్ అప్పటికే దుకాణాలతో నిండి ఉన్న పాత వీధి.

వ్యతిరేకత

కార్లు రాకపోతే కొనుగోలుదారులు కూడా రారని వ్యాపారులు భయపడ్డారు. వీధులలో కూర్చొని కాలక్షేపం చేయడం ఇటలీ వారి అలవాటనీ, చలిదేశమైన డెన్మార్క్‌కు అది సరిపడదనీ పత్రికలలో విమర్శలు వచ్చాయి. అంతకు ముందు క్రిస్మస్ రోజులలో వీధిని కొద్దికాలం మూసివేసే ఆచారం ఉండేది. నగర పాలనలో బాధ్యత వహిస్తున్న ఆల్ఫ్రెడ్ వాసార్డ్ ఆధ్వర్యంలో ఆ మూసివేతను ప్రయోగాత్మకంగా పొడిగించారు. వ్యాపారం దెబ్బతినలేదని తేలిన తరువాత 1964లో ఈ ఏర్పాటును శాశ్వతం చేశారు.

నడిచేవారు, నిలిచేవారు

1960లలో యాన్ గేల్ అనే వాస్తుశిల్పి ఈ వీధిలో ప్రజల కదలికలను లెక్కించడం మొదలుపెట్టాడు. 1968, 1986, 1995 సంవత్సరాలలో జరిగిన పరిశీలనలలో ఒక ముఖ్య విషయం బయటపడినది. స్ట్రోయెట్‌లో నడిచేవారి సంఖ్య పెద్దగా పెరగలేదు. కాని నగర కేంద్రంలో ఆగి, కూర్చొని, మాట్లాడుతూ గడిపేవారు ఎన్నో రెట్లు పెరిగారు.

దీనికి కారణం సులభంగా గ్రహించవచ్చు. వీధి సందడి అక్కడికి వచ్చేవారి సంఖ్యతో పాటు వారు గడిపే సమయంపై కూడా ఆధారపడుతుంది. ఒక్కొక్క నిమిషంలో దాటిపోయే 100 మంది, పదేసి నిమిషాలు కూర్చొనే 10 మంది వీధికి ఇచ్చే సందడి సమానమే. కనుక బల్లలు, నీడ, చలిగాలి నుండి రక్షణ, దగ్గర దగ్గరగా ఉండే దుకాణ ద్వారాలు కూడా వాహన నిషేధమంత ముఖ్యమైనవి. గోడ మాత్రమే ఉన్న చోట ఎవరూ ఆగరు.

విస్తరణ

మార్పు ఒక్కసారిగా జరగలేదు. ఫియోల్‌స్ట్రేడ్ 1968లో, క్యోబ్‌మేయర్‌గేడ్ 1973లో పాదచారుల వీధులయ్యాయి. ఓడరేవు పక్కనున్న న్యూహాన్ 1980లో కార్ల నుండి విముక్తి పొందినది. 1962లో 15,800 చదరపు మీటర్లు ఉన్న వాహనరహిత స్థలం 1996 నాటికి సుమారు 96,000 చదరపు మీటర్లకు పెరిగినది. కేంద్రంలో కార్లు నిలిపే చోట్లను కూడా ఏటా కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చారు. ప్రజలు సైకిళ్ళకు, రైళ్ళకు, బస్సులకు అలవాటుపడడానికి ఈ విధంగా వ్యవధి లభించినది. మెట్రో రైలు 2002లో కొంగెన్స్ న్యూటోర్వ్‌కు, 2019లో పురపాలక భవనం కూడలికి చేరినది.

పరిమితులు

వాహనాలను తొలగించినంత మాత్రాన ప్రతి నగరంలోనూ ఇదే ఫలితం రాలేదు. అమెరికాలోని కాలమజూ నగరంలో 1959లో ప్రారంభమైన పాదచారుల వీధిలో కొంతభాగాన్ని 1998లో తిరిగి కార్లకు తెరిచారు. షికాగోలోని స్టేట్ వీధిలో 1979 నుండి సాగిన ఇటువంటి ఏర్పాటు 1996లో ముగిసినది. నగర కేంద్రంలో నివసించేవారు తక్కువగా ఉండి, కొనుగోలుదారులు శివార్ల అంగడి సముదాయాలకు తరలిపోయిన చోట వీధి మూసివేత ఒక్కటే చాలదు.

స్ట్రోయెట్ విజయానికి కూడా మరొక పార్శ్వం ఉన్నది. సందడితో పాటు అద్దెలు పెరగడం వలన చిన్న దుకాణాల స్థానంలో అంతర్జాతీయ సంస్థల దుకాణాలు వచ్చాయి. స్థానిక దుకాణాల కోసం వెతికే సందర్శకులు ఇప్పుడు పక్క వీధులకు వెళ్తుంటారు.