వేషం కోసం గుండు!

మన నల్గొండ, పాలమూరు జనం యాదగిరిగుట్టలో మొక్కు తీర్చుకోవడానికి తలనీలాలిస్తారు. బొంబాయి పిల్ల, 1965 మిస్ ఇండియా పెర్సిస్ ఖంబాటా మాత్రం ఓ హాలీవుడ్ వేషం కోసం గుండు చేయించుకుంది!

ఆ చిత్రం ‘స్టార్ ట్రెక్: ద మోషన్ పిక్చర్’ (1979). చూసేవాళ్ళు చాలడం లేదని 1969లో అమెరికా టీవీ ఆపేసిన సీరియల్‌కి అసలు అభిమానులు పుట్టింది తర్వాతి పునఃప్రసారాల్లోనే! వాళ్ళ చలవే ఈ సినిమా. దర్శకుడు రాబర్ట్ వైజ్, ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ తీసినాయనే.

నన్నడిగితే కథది నత్తనడక. అంతరిక్ష నౌక చుట్టూ కెమెరా ఎంతసేపని తిరుగుతుంది? టీవీలోని మాటల చురుకు ఏదీ? పెర్సిస్ వచ్చాకే కళ్ళు తెరకి అతుక్కున్నాయి. మొదట ఐలియాగా, తర్వాత అదే రూపంలో వచ్చిన యంత్రంగా... ముఖం ఒకటే, చూపు వేరు!

అంత పేరు తెచ్చిన వేషం ఆమెకి మళ్ళీ దొరకలేదు. 1998లో, 49 ఏళ్ళకే పోయింది.